కంప్యూటర్లో దాచిన దానికి రెండో ప్రతి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

  

నాది 1991 పదో తరగతి బ్యాచ్. ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీకు తెలిసిన విషయం మీద అరగంట మాట్లాడు, కానీ అందరికీ పనికొచ్చేలా ఉండాలి" అన్నారు. నా పనిలో అందరికీ పనికొచ్చేది, అందరూ రేపు చూద్దాంలే అని వాయిదా వేసేది ఒకటుంది. దాని పేరు బ్యాకప్. మనం కంప్యూటర్లో దాచుకున్న దానికి ఇంకో ప్రతి తీసి విడిగా పెట్టుకోవడం. దీనికి కొత్తగా ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. కంప్యూటర్ కొన్నప్పుడే అందులో వచ్చిన సరంజామా చాలు. ఆ సంగతే ఈ పూట చెబుతాను.

ముందు, ఈ మాట ఇక్కడే ఎందుకు చెబుతున్నానో చెప్పాలి. ఈ స్వర్ణోత్సవాల కోసం గత ఏడాదిన్నరగా మన వాళ్లు ఎంత పని చేశారో మీకు తెలుసు. ప్రతి బ్యాచ్ గ్రూపు ఫోటో వెతికి తెచ్చి స్కాన్ చేశారు. చెదలు పట్టడం మొదలైన అడ్మిషన్ రిజిస్టర్లను పేజీ పేజీగా ఫోటో తీశారు. మన లిఖిత పత్రిక సంచికలు, నాటకాల ఫోటోలు, కాలం చేసిన మాస్టార్ల గొంతులున్న క్యాసెట్లు, సభ్యుల చిరునామాలు, పేద పిల్లల ఫీజుల నిధి లెక్కలు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. నిన్న సాయంత్రం తెర మీద ఆ ఫోటోలు వస్తుంటే కళ్లు తుడుచుకున్న వాళ్లను నేను చూశాను. రాత్రి భోజనాల దగ్గర ఆ పని చేసిన తమ్ముణ్ణి అడిగాను, "ఇవన్నీ ఎక్కడున్నాయిరా?" అని. "ఆఫీసు కంప్యూటర్లో, అన్నా" అన్నాడు. "ఇంకెక్కడైనా?" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

వాడిని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. అంత పని చేసిన వాడికి మనం దండం పెట్టాలి. కానీ ఫోటోలు ఇచ్చిన వాళ్లు కొందరు ఒరిజినల్ వెనక్కి తీసుకెళ్లారు, కొందరి ఫోటోలు స్కాన్ చేసే సరికే పెచ్చులు రాలిపోతున్నాయి. అంటే ఈ రోజున యాభై ఏళ్ల జ్ఞాపకం ఒక డబ్బాలో, అరచేతిలో పట్టే ఒక డిస్కు మీద ఉంది.

డిస్కు చెడిపోతే ఏమవుతుందో నేను రోజూ చూస్తాను. నాలుగేళ్ల కిందట మా షాపుకు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చారు. మన బడి కాదు, పక్క జిల్లా. పన్నెండేళ్ల పాటు ఊరూరా తిరిగి పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు, సామెతలు సేకరించి లాప్‌టాప్‌లో స్వయంగా టైపు చేసుకున్నారు. టైపు అయిపోయింది కదా అని రాసుకున్న నోటు పుస్తకాలు పాతపేపర్ల వాడికి వేసేశారు. లాప్‌టాప్ బల్ల మీద నుంచి కింద పడింది. హార్డ్ డిస్కు లోపల అద్దంలాంటి పళ్లెం తిరుగుతూ ఉంటుంది. దానికి వెంట్రుక వాసి ఎత్తులో ఒక ముల్లు కదులుతూ ఉంటుంది. ఆ ముల్లు పళ్లేన్ని గీసేసింది. డేటా రికవరీ చేసే ల్యాబ్‌కు పంపించాం. వేలల్లో ఖర్చయింది. కొన్ని ఫైళ్లు వచ్చాయి, ఎక్కువ భాగం రాలేదు. ఆయన డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "బాబూ, ఆ పాటలు పాడిన వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. మళ్లీ ఎవర్ని అడిగి రాసుకోను?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రెండో ప్రతి రాయించుకోవడం మనకు కొత్త విద్య కాదు. తాటాకు ఎండుతుంది, విరుగుతుంది, పురుగు తింటుంది. అందుకే మన పూర్వులు పాత ప్రతి పాడవక ముందే కొత్త ఆకుల మీద ఎత్తి రాయించేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ దొర సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించాడు. ఒక ప్రతిలో చెదలు తిన్న పద్యం ఇంకో ప్రతిలో దొరికేది. అన్ని ప్రతులూ ఒకే ఇంట్లో ఒకే పెట్టెలో ఉండి ఉంటే ఆ పద్యాలు మనదాకా వచ్చేవి కావు. మాధ్యమం మారింది, సూత్రం మారలేదు.

ఇక అసలు పనిలోకి వద్దాం. చాలామంది, "నేను బ్యాకప్ పెట్టుకున్నాను, సి డ్రైవ్‌లో ఉన్నవి డి డ్రైవ్‌లో కూడా కాపీ చేశాను" అంటారు. సి, డి అన్నవి చాలా కంప్యూటర్లలో ఒకే డిస్కుకు గీసిన రెండు గళ్లు. ఒకే బీరువాలో పై అరలో ఒకటి, కింద అరలో ఒకటి పెట్టినట్టు. బీరువా పోతే రెండూ పోతాయి. బ్యాకప్ అనాలంటే ప్రతి వేరే వస్తువు మీద ఉండాలి.

మనలో ఎక్కువ మంది వాడేది విండోస్ కాబట్టి దానితో మొదలుపెడతాను. విండోస్‌లో 'ఫైల్ హిస్టరీ' అని ఒక సదుపాయం ఉంది. 2012లో విండోస్ 8తో వచ్చింది. 10లోనూ, 11లోనూ ఉంది. దీనికి కావలసింది బయట తగిలించే ఒక హార్డ్ డిస్కు. మీ ఫైళ్లు ఎంత ఉన్నాయో దానికి రెండింతలు పట్టే డిస్కు తీసుకుంటే చాలాకాలం చింత ఉండదు. దాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించండి. స్టార్ట్ దగ్గర 'కంట్రోల్ ప్యానెల్' అని టైపు చేసి తెరవండి. అందులో 'సిస్టమ్ అండ్ సెక్యూరిటీ', దాని లోపల 'ఫైల్ హిస్టరీ'. అక్కడ మీ డిస్కు పేరు కనిపిస్తుంది. 'టర్న్ ఆన్' అనే బటన్ నొక్కండి. అంతే. మొదటిసారి ఫైళ్లన్నీ కాపీ కావాలి కాబట్టి గంటలు పట్టవచ్చు. ఆ తరవాత మారిన ఫైళ్లు మాత్రమే కాపీ అవుతాయి.

దీని గొప్పతనం ఏమిటంటే, ఇది పాత ప్రతిని చెరిపి కొత్తది పెట్టదు. మనం వేరే ఏర్పాటు చేయకపోతే, డిస్కు తగిలించి ఉన్నంతసేపు గంటకోసారి చూసి, మారిన ఫైలుకు కొత్త ప్రతి తీసి పక్కన పెడుతుంది. ఉదాహరణకు మన కోశాధికారి గారు నిధి లెక్కల ఫైలులో మంగళవారం పొరపాటున ఒక పట్టిక చెరిపేసి సేవ్ చేశారనుకోండి. శుక్రవారం నాడు గమనించారు. మామూలు కాపీ అయితే ఆ పాడైన ఫైలే కాపీలోకి వచ్చి ఉంటుంది. ఫైల్ హిస్టరీలో సోమవారం నాటి ఫైలు సోమవారం నాటి రూపంలోనే ఉంటుంది.

ఇందులో ఎడమవైపు 'అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్' అని ఉంటుంది. పాత ప్రతులు ఎంతకాలం ఉంచాలో అక్కడ చెప్పవచ్చు. మనం చెప్పకపోతే శాశ్వతంగా ఉంచుతుంది, దాంతో ఏదో ఒక రోజు డిస్కు నిండుతుంది. 'స్థలం అవసరమయ్యే వరకు' అనే అర్థం వచ్చే వరుసను ఎంచుకుంటే, నిండినప్పుడు అన్నిటికన్నా పాతవి తీసేసుకుంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఫైల్ హిస్టరీ కంప్యూటర్లో ఉన్న ప్రతి ఫైలునూ కాపీ చేయదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్ లాంటి మన సొంత ఫోల్డర్లనే చూస్తుంది. మనవాళ్లలో చాలామందికి డి డ్రైవ్‌లో సొంత పేరుతో ఫోల్డరు పెట్టుకునే అలవాటు. దాని జోలికి అది పోదు. ఆ ఫోల్డరు మీద కుడి మీట నొక్కి, 'ఇంక్లూడ్ ఇన్ లైబ్రరీ' అని చెబితే అప్పుడు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. విండోస్ 11లో ఆ మాట కనబడాలంటే ముందు 'షో మోర్ ఆప్షన్స్' నొక్కాలి. మన ఆఫీసు కంప్యూటర్లో స్వర్ణోత్సవ ఫోల్డరు డి డ్రైవ్‌లోనే ఉంది. నిన్న రాత్రే చూసి వచ్చాను.

తెలుగు వాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మెలిక ఉంది. ఇది ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ కనబడదు. మన రజతోత్సవ సంచిక అప్పట్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కంపోజ్ చేశారు. ఆ ఫైళ్లు సీడీలో ఇప్పటికీ ఉన్నాయి, తెరుచుకుంటున్నాయి కూడా. కానీ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే మాస్టారి వ్యాసం బదులు ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, నక్షత్రాలు కనిపిస్తాయి. ఎందుకంటే ఆ పాత పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన చోట్లలో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫైలు ఉంది, భాష పోయింది. ఫాంట్లు విండోస్ సొంత ఫోల్డరులో ఉంటాయి, ఫైల్ హిస్టరీ వాటిని కాపీ చేయదు. కాబట్టి పాత ఫైళ్లు ఉన్నవాళ్లు వాటి పక్కనే ఒక ఫోల్డరులో ఆ ఫాంట్లను కూడా పెట్టుకోవాలి. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7వ వెర్షన్‌తో ఆగిపోయింది. అది నడిచే కంప్యూటర్ ఎక్కడైనా ఉండగానే ఆ సంచికను పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోవాలి. కొత్తగా టైపు చేసేది మాత్రం యూనికోడ్‌లోనే చేయండి. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు ఉంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలోనే 'గౌతమి' ఫాంటు విండోస్‌తో పాటు వచ్చింది. యూనికోడ్‌లో రాసింది ఇక్కడైనా, అమెరికాలో అయినా, ఫోనులో అయినా తెలుగుగానే కనిపిస్తుంది.

కాస్త కంప్యూటర్ పరిచయం ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. విండోస్‌లో 'రోబోకాపీ' అనే ఆజ్ఞ కూడా ఉంది. విస్టా నుంచి విండోస్ లోపలే వస్తోంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక వరుస రాస్తే పెద్ద పెద్ద ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేస్తుంది. మధ్యలో ఆగిపోయినా మళ్లీ నడిపిస్తే అప్పటికే వచ్చినవి వదిలేసి మిగిలినవి చేస్తుంది. అందులో 'మిర్రర్' అనే పద్ధతి ఉంది, దానితో జాగ్రత్త. అది అచ్చంగా అద్దమే. అసలు ఫోల్డరులో లేనిదాన్ని కాపీలోంచి కూడా తీసేస్తుంది. మూలం, గమ్యం తారుమారుగా రాస్తే ఖాళీ డిస్కును చూసి నిండు ఫోల్డరును ఖాళీ చేసేస్తుంది. నేను రోబోకాపీ వాడతాను, కానీ ఎంటర్ నొక్కే ముందు వరుసను రెండుసార్లు చదువుతాను.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లలో కొందరి దగ్గర మ్యాక్ కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో 2007 నుంచి 'టైమ్ మెషీన్' ఉంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'జనరల్', దానిలో 'టైమ్ మెషీన్'. డిస్కు తగిలించి 'యాడ్ బ్యాకప్ డిస్క్' అంటే చాలు. గడిచిన 24 గంటలకు గంట గంటకో ప్రతి, గడిచిన నెలకు రోజుకో ప్రతి, అంతకు ముందు నెలలకు వారానికో ప్రతి ఉంచుతుంది. డిస్కు నిండితే పాతవి తీసుకుంటుంది. ఇక లినక్స్ వాడే వాళ్లకు 'ఆర్‌సింక్' ఉంటుంది. మారిన భాగాన్ని మాత్రమే పంపుతుంది. దాన్ని 'క్రాన్'‌కు అప్పజెబితే మనం చెప్పిన వేళకు దానంతటదే నడుస్తుంది.

ఫోను సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు ఫోటోలన్నీ ఫోనులోనే. మన వాట్సాప్ గ్రూపులోకి పంపిన ఫోటో అవతలికి చేరేసరికి నాణ్యత తగ్గి చిన్నదవుతుంది. సంచికలో అచ్చు వేస్తే మసకగా వస్తుంది. పాత ఫోటోలు పంపేటప్పుడు 'ఫోటో'గా కాక 'డాక్యుమెంట్'గా పంపండి, ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. నెలకోసారి ఫోనును తీగతో కంప్యూటర్‌కు కలిపి ఫోటోల ఫోల్డరును పిక్చర్స్‌లోకి కాపీ చేసుకుంటే, అక్కడి నుంచి ఫైల్ హిస్టరీ చూసుకుంటుంది.

ఇప్పటికి కంప్యూటర్లో ఒకటి, డిస్కులో ఒకటి, రెండు ప్రతులయ్యాయి. మరి ఆ డిస్కు ఎక్కడ పెడతారు? కంప్యూటర్ బల్ల సొరుగులో. 2009 అక్టోబరులో కర్నూలును తుంగభద్ర ముంచెత్తినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు, నీళ్లు బల్ల మీద ఉన్నదాన్ని ఒకలా, సొరుగులో ఉన్నదాన్ని ఒకలా చూడలేదు. దొంగ కూడా అంతే. లాప్‌టాప్ తీసుకెళ్లే వాడు పక్కనున్న డిస్కును వదిలి వెళ్లడు. అందుకే మా వృత్తిలో 3-2-1 అని ఒక లెక్క చెబుతాం. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే చోట. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరు ఈ లెక్కను ప్రచారంలోకి తెచ్చాడు.

వేరే చోట ఉన్న ప్రతి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక సినిమా కథ ఉంది. 1998లో అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతోంది. ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక చెరిపివేత ఆజ్ఞతో సినిమా ఫైళ్లు కళ్ల ముందే మాయమవడం మొదలైంది. కంగారు పడక బ్యాకప్ తెరిచారు. అప్పుడు తెలిసింది, ఆ బ్యాకప్ కొంతకాలంగా సరిగ్గా నడవడం లేదని. చివరికి కాపాడింది గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలు. బాలింతగా ఇంటి నుంచి పని చేయడానికి ఆవిడ తన ఇంటి కంప్యూటర్లో ఒక ప్రతి ఉంచుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకు తెచ్చారు. ఈ కథలో రెండు పాఠాలున్నాయి. వేరే చోట ఒక ప్రతి ఉండాలన్నది ఒకటి. బ్యాకప్ తీస్తున్నాం అనుకోవడం వేరు, అది పని చేస్తోందని తెలియడం వేరు అన్నది రెండోది.

"గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయిగా, వన్‌డ్రైవ్‌లో ఉన్నాయిగా" అని అడిగే వాళ్లుంటారు. మంచిదే, అది వేరే చోట ఉన్న ప్రతే. ఉచితంగా గూగుల్ 15 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ ఇస్తాయి. ఉత్తరాలకు, లెక్కలకు చాలు, స్కాన్ చేసిన ఫోటోలకు చాలదు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. వీటి పని రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తరవాత ఉండదు. ముప్పై ఒకటో రోజున గుర్తొచ్చిన దానికి మన డిస్కే దిక్కు.

డిస్కు ఎప్పుడూ తగిలించే ఉంచాలా అని అడుగుతారు. ఉంచకండి. 2017 మే నెలలో 'వానాక్రై' అనే వైరస్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. దాన్ని అడ్డుకునే సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోని వాళ్లు చిక్కుకున్నారు. ఇలాంటివి తగిలించి ఉన్న బయటి డిస్కుకు కూడా తాళం వేసేస్తాయి. అందుకని వారానికో రోజు పెట్టుకోండి. ఆ రోజు డిస్కు తగిలించి, ఫైల్ హిస్టరీలో 'రన్ నౌ' నొక్కి, పని అయ్యాక టాస్క్‌బార్‌లో 'ఎజెక్ట్' చెప్పి తీగ తీసేయండి. విండోస్ 10కు మామూలు సవరణలు ఇవ్వడం 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇంకా అదే వాడుతున్నవాళ్లు కొత్త విండోస్‌కు మారబోయే ముందు మొదట చేయాల్సింది బ్యాకప్పే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మాస్టార్లు మనకు లెక్క చేశాక సరిచూసుకోమని నేర్పారు. బ్యాకప్‌కు కూడా సరిచూడటం ఉంది. మూడు నెలలకోసారి ఒక ఫైలును తిరిగి తెచ్చి చూడండి. ఫైల్ హిస్టరీలో ఎడమవైపు 'రిస్టోర్ పర్సనల్ ఫైల్స్' నొక్కితే మీ ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. కింద ఉన్న బాణాలతో తేదీలు వెనక్కి వెళ్లవచ్చు. ఏదో ఒక పాత ఫోటో ఎంచుకుని, దాని మీద కుడి మీట నొక్కి, 'రిస్టోర్ టు' అని వేరే ఫోల్డరు చూపించండి. అసలు దాని మీద పడకుండా ఉంటుంది. తెరిచి చూడండి. తెరుచుకుందా, మీకు బ్యాకప్ ఉన్నట్టు. తెరుచుకోలేదా, మంచిరోజులుండగానే తెలిసింది. ఆ డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలించినా 'ఫైల్ హిస్టరీ' అనే ఫోల్డరులో మీ ఫైళ్లు పేరు పక్కన తేదీతో సహా మామూలుగానే కనిపిస్తాయి. ఏ ప్రత్యేక సాధనమూ అక్కర్లేదు. నాకు దీనిలో నచ్చింది అదే.

పెద్దవాళ్లకు ఇంకొక్క విన్నపం. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కుకు దానంతటదే తాళం పడి ఉంటోంది. బిట్‌లాకర్ అంటారు. దొంగ చేతిలో పడినా చదవలేడు, అది మంచిదే. కానీ ఏదైనా మరమ్మతు జరిగి కంప్యూటర్ 48 అంకెల తాళంచెవి అడిగితే, అది మీ దగ్గర లేకపోతే, మీరూ చదవలేరు, నేనూ చదవలేను. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదలుపెట్టిన లాప్‌టాప్ అయితే ఆ తాళంచెవి సాధారణంగా ఆ అకౌంటులో ఉంటుంది. ఇవాళే చూసి కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులు పెట్టే చోట పెట్టండి. పాస్‌వర్డు కూడా ఇంట్లో నమ్మకమైన ఒకరికి తెలిసుండాలి. భర్త పోయాక ఆయన లాప్‌టాప్ పట్టుకుని, "బాబూ, మా పెళ్లి ఫోటోలు దీంట్లోనే ఉన్నాయి, తీయగలవా?" అని వచ్చిన అమ్మలను చూశాను. ఆ తాళం ముందు ఎంత అనుభవమున్న మెకానిక్కైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

చివరిగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. కార్యవర్గం ఒప్పుకుంటే రెండు బయటి డిస్కులు మా 1991 బ్యాచ్ తరఫున ఇస్తాం. ఒకదాని మీద 'బడి' అని, ఇంకోదాని మీద 'ఇల్లు' అని రాద్దాం. బడి డిస్కు హెడ్మాస్టరు గారి గదిలో ఇనప్పెట్టెలో ఉంటుంది. ఇల్లు డిస్కు కార్యదర్శి గారి ఇంట్లో, ఊరికి అవతలి వైపు, మేడ మీద ఉంటుంది. వారానికోసారి బడి డిస్కుకు బ్యాకప్ తీయాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఇల్లు డిస్కు తెచ్చి, ఆ స్వర్ణోత్సవ ఫోల్డరును దానిలోకి కాపీ చేసి, తిరిగి పంపాలి. ఎవరు, ఏ తేదీన తీశారో, ఏ ఫైలు తెరిచి సరిచూశారో ఒక చిన్న పుస్తకంలో సంతకంతో రాయాలి. ఐదేళ్లకోసారి డిస్కులు మార్చాలి, పాతది చెడిపోయే దాకా ఆగకుండా. ఈ పని పదో తరగతి పిల్లల్లో ఇద్దరికి నేర్పిద్దాం. ప్రతి ఏడూ వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు నేర్పి వెళతారు. బడి గంట కొట్టే పని అప్పజెప్పినట్టే.

భోజనాల తరవాత రెండు గంటలకు ఆరో గదిలో ఉంటాను. లాప్‌టాప్ తెచ్చిన వాళ్లు తీసుకురండి, ఫైల్ హిస్టరీ మీ చేతే పెట్టిస్తాను. మాస్టార్లు వస్తే ముందు వాళ్లది చూస్తాను, తక్కినవాళ్లు ఏమీ అనుకోవద్దు. ఆఫీసు కంప్యూటర్ కూడా అక్కడికే తెమ్మని తమ్ముడికి చెప్పాను. సాయంత్రం సభ ముగిసేలోగా ఆ ఫోటోలకు రెండో ప్రతి తయారవ్వాలి.